కాలేయంలో చంద్రుడు

తెలుగు పండితుడికి రిటైరైనా వదలని జబ్బు ఒకటుంది. మాట కనబడితే చాలు, దాని కీళ్లు విరిచి లోపలేముందో చూడందే ప్రాణం ఊరుకోదు. విజయనగరం సంస్కృత కళాశాలలో భాషాప్రవీణ చదివి, గజపతినగరం చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో ఉద్యోగం వెళ్లబుచ్చిన నాకు ఆ జబ్బు బాగా ముదిరింది. వ్యుత్పత్తి తెలిస్తే చెప్పేవాణ్ణి, తెలియకపోతే కల్పించేవాణ్ణి. పిల్లలకి రెండూ ఒకలాగే వినబడేవి. పైగా కల్పించినవే ఎక్కువ గుర్తుండేవి. తెలుగులో ఈ పని చేస్తే పట్టుకునేవాడు ఎక్కడో ఒకడు తగులుతాడు. చైనా అక్షరాల మీద చేస్తే మా మండలంలో అడిగేవాడెవడు?

ఒక్కర్తి ఉంది. మా అమ్మాయి.

మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి చైనాకి వైద్యం చదవడానికి వెళ్లే పిల్లలు కొత్తేమీ కాదు. ఇక్కడ సీటు అందక, ప్రైవేటు కాలేజీ ఫీజులు మోయలేక, పొలమో బంగారమో తాకట్టు పెట్టి పంపుతాం. పాఠాలు ఇంగ్లీషులోనే చెబుతారు. కానీ రోగి ఇంగ్లీషులో మూలగడు కదా! అందుకని ఆసుపత్రి శిక్షణకి పంపేముందు హెచ్‌ఎస్‌కే అనే చైనా భాషా పరీక్షలో నాలుగో మెట్టు దాటాలని మా అమ్మాయి కాలేజీ నియమం. ఆ పరీక్షలో అప్పట్లో మొదటి మెట్టుకి 150 మాటలు వస్తే సరిపోయేది. రెండోదానికి 300, మూడోదానికి 600, నాలుగోదానికి 1200. మెట్టు మెట్టుకీ బరువు రెట్టింపయ్యేది.

2020 జనవరిలో చైనావాళ్ల వసంతోత్సవం సెలవులకి అమ్మాయి ఇంటికొచ్చింది. మార్చి 28న చైనా విదేశీయులకి తలుపులు మూసేసింది. విద్యార్థులకి మళ్లీ వీసాలు మొదలైంది 2022 ఆగస్టు చివర్లో. ఆ మధ్యకాలమంతా దాని మెడికల్ కాలేజీ మా వెనకగదిలో, ఒక ఫోనులో నడిచింది. అక్కడ ఎనిమిది గంటలంటే మనకి ఐదున్నర. గూడ్సు బండి కూతకి లేచేసరికి అది చాప మీద కూచుని పంతులమ్మకి నమస్కారం చెబుతూ ఉండేది. "ౘావ్‌షాంగ్ హావ్." శుభోదయం అని. మొదటి రోజు వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో సహా వచ్చింది.

"పొద్దున్నే సావేటే, శుక్రవారం పూట!"

నేను కలగజేసుకుని, ఆ అక్షరం 'చాప', 'చలి' అన్నప్పుడు పలికే దంత్య చకారమనీ, మన పాఠ్యపుస్తకాలు దాని గుర్తుని ఎప్పుడో వదిలేసినా చైనావాళ్ల నోట్లో అది నిక్షేపంలా ఉందనీ చెప్పాను. ఆ చెప్పినది నిజమే. ఈ మొత్తం వ్యవహారంలో చెవితో పట్టుకుని నేను చెప్పిన మొదటి మాటా అదే, చాలాకాలం వరకు చివరి మాటా అదే. అక్కడే ఆగి వింటూ కూచుంటే బాగుపడేవాణ్ణి. కానీ దాని అట్టముక్కల మీద అక్షరాలు చూశాను.

అవి బొమ్మలు! రెండు కాళ్లు చాచి నిలబడ్డ గీతలు మనిషి. కొమ్మలూ వేళ్లూ ఉన్న గీతలు చెట్టు. చెట్టు పక్కన మనిషి ఆనుకుంటే విశ్రాంతి. రెండు చెట్లు తోపు, మూడు చెట్లు అడవి. పొలం గుర్తు కింద బలం గుర్తు పెడితే మగవాడు. ఇంత తేలికైన భాషని కష్టమని ప్రపంచం ఎందుకు ఏడుస్తోందో నాకర్థం కాలేదు. ఒక నోటుబుక్కు కుట్టించి, ఎడమ పేజీలో అక్షరం, కుడి పేజీలో దాని కథ రాయడం మొదలుపెట్టాను. ఉచ్చారణకి గడి లేదు. బొమ్మని చూస్తే అర్థమవుతుంటే ధ్వనితో పనేంటి?

రాయడం కూడా బొమ్మ వేసినట్టే రాసేవాణ్ణి. ఏ గీత ముందు, ఏ గీత తర్వాత అని వాళ్లకో క్రమం ఉంది: పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, అడ్డం ముందు, నిలువు తర్వాత. అమ్మాయి చెబుతూనే ఉంది. నేను మాత్రం ముగ్గు వేసినట్టు ముందు చుక్కలు పెట్టి తర్వాత కలిపేవాణ్ణి. చివరికి చూడ్డానికి ఒకలాగే ఉంది కదా అని నా వాదన. "చూడ్డానికి" అన్నమాట నా నోటికి అప్పట్లో ఊతపదం.

కథలు ఇంట్లోవాళ్లకి వినిపించడం నాకు సంధ్యావందనం లాంటిది. ఒకరోజు ఇంటికప్పు కింద స్త్రీ ఉన్న అక్షరం చూపించి, "చూశావా, ఇంట్లో ఆడది ఉంటే శాంతి అన్నారు వాళ్లు. ఎంత సంస్కారం!" అన్నాను. మా ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూసింది. "ఇందులో ఆడది ఒక్కర్తే ఉన్నాది కదండీ. అయితే శాంతే. మీరు బడికెళ్లినన్నాళ్లూ నాకూ ఉండీది." ఆవిడ వ్యాఖ్యానం నా నోటుబుక్కుకి ఎక్కలేదు.

కరోనా రెండో విడత తగ్గాక ఇంటింటా ఆక్సీమీటర్లు, బీపీ మిషన్లు వెలిశాయి. ఎదురింటాయనకి కొడుకు విజయనగరంలో ఒక మిషను కొని తెచ్చాడు. పైపెట్టె మీద ఎర్రగా నాలుగు చైనా అక్షరాలు, పక్కన ఒక గ్లాసు బొమ్మ. ఆయన పెట్టె పట్టుకుని మా అరుగు మీదికొచ్చాడు. నేను చైనా చదువుతున్నానని అప్పటికి వీధంతా తెలుసు. తెలియజేసింది నేనే.

మొదటి అక్షరం 'చిన్న'. మధ్యన నిలువు గీత, చెరోపక్కా ఒక చుక్క. రెండోది 'గుండె'. వంగిన కొక్కెం, మూడు చుక్కలు. తర్వాతి రెండూ నాకు రావు. రాకపోవడం నాకెప్పుడూ అడ్డు కాలేదు.

"చిన్న గుండె అని రాసుంది. ఇది పిల్లల గుండెకి చేసిన మిషను," అన్నాను.

"మరా గళాసేటి మేష్టారూ?"

"పాలు తాగించాక చూడాలన్నమాట."

ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. ఆయన మాత్రం తేలికపడ్డాడు. "అదా సంగతి! రోజూ నూటరవై సూపిత్తన్నాది, నానేటైపోతానో అనుకున్నాను. సిన్న గుండెకి లెక్కేసిన మిషనుకి నా గుండె తూగద్దా మరి!" మిషను అటక మీదికెక్కింది. కొన్నాళ్లకి కొడుకు దాన్ని మార్పించడానికి కొట్టుకి తీసుకెళ్లి, ఇది పిల్లలదట కదా అని గొడవపడ్డాడు. కొట్టతను ఏమీ అనకుండా వెనకున్న మిక్సీ పెట్టె, ట్యూబులైట్ల పెట్టె, గాజు గిన్నెల పెట్టె తిప్పి చూపించాడట. అన్నిటి మీదా అవే నాలుగు అక్షరాలు, అదే గ్లాసు. జాగ్రత్త, మెల్లిగా దించండి అని దానర్థం. చైనాలో చిన్న, గుండె పక్కపక్కన చేరితే 'జాగ్రత్త' అవుతుంది. నూటరవై కూడా నిజమే. ఆయన మాత్రలు మొదలుపెట్టడం నా చదువు వల్ల ఆ కొన్నాళ్లూ ఆలస్యమైంది. ఒక్క మాట అనలేదాయన. ఇప్పటికీ మందుల చీటీ తెస్తాడు గానీ నన్ను దాటుకుని లోపలికెళ్లి మా అమ్మాయి ఫోనుకి పంపించమని మా ఆవిడకిస్తాడు.

ఇంత జరిగాక ఎవడైనా నోరు కట్టుకుంటాడు. నాకు మాత్రం అది రెండక్షరాలు రాకపోవడం వల్ల వచ్చిన పొరపాటులా తోచింది, పద్ధతిలోనే పొరపాటుందని తోచలేదు. అందుకే ఆ మూడో అక్షరమేదో తేల్చుకుందామని ఫోనులో వెతకబోయాను. చైనావాళ్లు ఫోనులో అక్షరం కొట్టాలంటే ముందు దాని ఉచ్చారణ ఇంగ్లీషు లిపిలో కొట్టాలి. అప్పుడు ఆ ధ్వనికి సరిపడే అక్షరాలన్నీ వరసగా వస్తాయి, వాటిలోంచి ఏరుకోవాలి. నాకు ఉచ్చారణ రాదు. వేలితో గీసినా వెతకొచ్చు అంటే, నా పద్ధతిలో చుక్కలు పెట్టి కలిపాను. ఫోనుకి అందులో ఏవేవో వేరే అక్షరాలు కనబడ్డాయి. పాత నిఘంటువు తీయాలంటే 1716 నాటి కాంగ్‌షీ నిఘంటువులో 47,035 అక్షరాలు, 214 వర్గాలు. ఏ వర్గమో పోల్చుకోవాలి, మిగిలిన గీతలు లెక్కపెట్టాలి. గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియనివాడికి లెక్క కుదరదు. మూసిన తలుపు దగ్గర నిలబడి, తాళం బాగోలేదని వెనక్కొచ్చేశాను.

ఇక నా ఘనకార్యాల్లోకెల్లా ఘనమైనది. 2021 ఆగస్టు 29, ఆదివారం. గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. మాస్కులు పెట్టుకున్న ఓ పాతికమంది ముందు నన్ను మాట్లాడమన్నారు. గిడుగువారి గురించి ప్రతి ఏడూ చెప్పేదే కదా అని, లిపుల మీదికి మళ్లాను. అమ్మాయి శరీరశాస్త్రం అట్టముక్కల్లో నేను కనిపెట్టిన రహస్యమొకటి అప్పటికి కడుపులో నిలవడం లేదు.

రహస్యం ఇది. కాలేయం, ఊపిరితిత్తి, మెదడు, కడుపు, కాలు, వీటి అక్షరాలన్నిట్లోనూ చంద్రుడున్నాడు. నేను చంద్రుడి అక్షరం గుర్తుపట్టగలను, పొరపాటు లేదు. శరీరంలో ప్రతి అవయవంలో చంద్రుడెందుకున్నాడు? పురుషసూక్తంలో చంద్రుడు మనసులోంచి పుట్టాడన్నారు. ఓషధులకి రాజు సోముడన్నారు. వృద్ధిక్షయాలు చంద్రుడివి, దేహానివీ అవే. హిమాలయాలకి అటూ ఇటూ ఋషులు ఒకే మాట చెప్పారన్నాను. అక్కడితో ఆగానా! కాలేయం అక్షరంలో చంద్రుడి పక్కన 'ఎండు' అనే అక్షరం ఉంది. "చైనావాళ్లు కల్లుగ్లాసు ఎత్తి 'గాన్‌బే' అంటారు, అంటే గ్లాసు ఎండగొట్టు అని. తాగితే ఎండిపోయేదేది? కాలేయం! రెండువేల ఏళ్ల కిందటే అక్షరంలో హెచ్చరిక రాసిపెట్టారు" అన్నాను. సభ మారుమోగింది. ఆ ముక్క ఎవరో వీడియో తీసి సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

మా అమ్మాయి దాన్ని చివరిదాకా చూసింది. నవ్వలేదు.

"నాన్నా, అది చంద్రుడు కాదు. మాంసం."

మాంసం అనే అక్షరం విడిగా ఉన్నప్పుడు వేరే రూపంలో ఉంటుంది. ఇంకో అక్షరం పక్కన ఇరుకునపడ్డప్పుడు నలిగి నలిగి చంద్రుడిలా తయారైంది. అంతే. ఒళ్లంతా మాంసం ఉండడంలో రహస్యమేముంది? కాంగ్‌షీలో చంద్రుడు 74వ వర్గం, మాంసం 130వది. అంతకు చాలాముందు, క్రీస్తుశకం 100 ప్రాంతంలో, షూ షెన్ అనే పండితుడు 9,353 అక్షరాలని 540 వర్గాలుగా విడగొట్టి నిఘంటువు చేసినప్పుడే వాటిని వేరు చేశాడు. పోనీ చూసి పోల్చుకుందామా అంటే, అదే ఆకారం సూర్యుడి పక్కన నిలబడితే నిజంగానే చంద్రుడు. రెండూ కలిసి వెలుగు. అంటే ఏది మాంసమో ఏది చంద్రుడో కంటికి తెలియదు, మాట తెలిసినవాడికే తెలుస్తుంది.

"మరి ఎండు?" అన్నాను. మునిగేవాడికి గడ్డిపోచ.

"గాన్. ఎండుని గాన్ అంటారు, కాలేయాన్నీ గాన్ అంటారు. మాంసానికి సంబంధించిన 'గాన్' అని రాశారు. ఎండడంతో దానికి పని లేదు." చెట్టు పక్కన అదే అక్షరం పెట్టి చూపించింది: గడకర్ర, దాన్నీ గాన్ అంటారు. నీటి గుర్తు పక్కన పెట్టింది: చెమట, హాన్. నా నోటుబుక్కులో చెమట దగ్గర 'ఎండలో నీరు' అని రాసుంది, ఎంత అందంగా కుదిరిందో! తర్వాత గుర్రాన్ని తీసింది. స్త్రీ పక్కన గుర్రం అమ్మ. పురుగు పక్కన గుర్రం చీమ. రాయి పక్కన గుర్రం అంకె. రెండు నోళ్ల కింద గుర్రం తిట్టు. నోటి పక్కన గుర్రం, మన 'నా?' లాగా వాక్యం చివర ప్రశ్న. "వీటన్నిట్లో గుర్రం ఏం చేస్తోంది నాన్నా?" అనడిగింది. నేను చీమ దగ్గర 'పురుగుల్లో గుర్రమంత వేగం కలది' అని రాసుకున్నాను. పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

గుర్రాన్ని మా అంటారు. పైవన్నీ 'మా'లే, స్వరం ఒక్కటే తేడా. చైనా అక్షరాల్లో నూటికి ఎనభైకి పైగా ఇలా కట్టినవే. ఒక ముక్క ఏ కోవకి చెందిందో చెబుతుంది, ఇంకో ముక్క ఎలా పలకాలో సూచిస్తుంది. అచ్చంగా బొమ్మలనదగ్గవి కొన్ని వందలు. అవి మొదటి పాఠాల్లోనే వచ్చేస్తాయి కాబట్టి నాలాంటివాడు మొత్తం భాష అంతే అనుకుంటాడు. చైనాలో ఒకటో తరగతి పిల్లలు కూడా మొదటి నెలల్లోనే పిన్‌యిన్ నేర్చుకుంటారు, అంటే ఉచ్చారణని రోమన్ లిపిలో రాసే పద్ధతి. దాన్ని 1958లో అధికారికంగా ఆమోదించారు. తయారుచేసినవాళ్లలో ముఖ్యుడు జౌ యౌగ్వాంగ్, అసలు అర్థశాస్త్రం మనిషి. 111 ఏళ్లు బతికి 2017లో పోయాడు. చైనాలో పుట్టి, చైనా భాష తాగి పెరిగిన పిల్లలకే ధ్వని రాత కావలసొస్తే, గజపతినగరంలో కూచుని నేను ధ్వనికి గడే పెట్టలేదు.

పైగా నేనది ఎవరి జయంతి సభలో మాట్లాడాను? గిడుగువారిది శ్రీకాకుళం పక్క పర్వతాలపేట. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, లిపే లేని సవర భాషని, తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని చెవితో నేర్చుకున్నారు. ఆ తర్వాతే వాచకాలు, నిఘంటువు. నాకు ఇంట్లోనే, డబ్బు ఖర్చు లేకుండా, రోజూ ఐదున్నరకి చైనా పంతులమ్మ గొంతు వినబడేది. గోడకి చేరబడి అట్టముక్కలు చూసేవాణ్ణి.

నా మొహం చూసి జాలేసిందేమో, రెండు రోజుల తర్వాత అమ్మాయి ఫోను తెచ్చి పక్కన కూచుంది. ఏడో శతాబ్దంలో హుయాన్‌త్సాంగ్ మన దేశమంతా తిరిగి వెళ్లి, 646లో పూర్తయిన తన యాత్రాగ్రంథంలో కళింగం గురించీ ఆంధ్రం గురించీ రాశాడు. ఆ పాఠం ఇప్పుడు ఎవరైనా చూసుకోవచ్చు. కళింగంలో నల్లటి ఏనుగులు పుడతాయని, చుట్టుపక్కల రాజ్యాలవాళ్లకి వాటి మీద మోజని ఉంది. గజపతుల పేరున్న ఊరివాణ్ణి కనక నాకు ఆ వాక్యం మీద ప్రీతి ఎక్కువ. (ఈ మధ్య పార్వతీపురం వైపు చెరుకుతోటల్లో పడుతున్న ఏనుగుల గుంపు గురించి రైతుని అడిగితే ఇంకోలా చెబుతాడనుకోండి.) తర్వాత ఆంధ్రం. మూడక్షరాలు.

"ఇప్పుడు చదువు నాన్నా, నీ పద్ధతిలో."

మొదటిది బల్ల. రెండోది చేరుకోవడం. మూడోది వల. నా పద్ధతిలో ఆంధ్రులంటే వల పట్టుకుని బల్ల చేరుకునే జాతి. బెస్తవారి గురించి ఓ వ్యాసం రాయొచ్చు. కానీ నోటితో పలికితే ఆన్-దా-లువో. ఆంధ్ర. హుయాన్‌త్సాంగ్ మన పేరుని విన్నాడు, విన్నదానికి దగ్గరగా పలికే అక్షరాలు పేర్చాడు. మన రాజధాని పేరు కూడా ఉంది. పెదవేగి దగ్గరి వేంగి అదేనని చరిత్రకారులంటారు. అక్షరాలు వరసగా సీసా, ముసలివాడు, వల. ఆ మధ్య అక్షరానికి మామూలు ముసలివాడని కాదట, అరవై నిండినవాడని వాళ్ల పాత గ్రంథాల్లో అర్థం.

"సీసాకీ వలకీ మధ్య ఉన్నది నువ్వే," అంది మా అమ్మాయి.

నోటుబుక్కు పారేయలేదు. కుడి పేజీల్లో కథలన్నీ కొట్టేసి, పైన ఉచ్చారణ రాద్దామని కూచున్నాను. అక్కడ ఇంకో పొగరు అణిగింది. తెలుగులో రాయలేని ధ్వని లేదని నేను తరగతిలో వందలసార్లు చెప్పాను. 'మా' ఒక్కటే నాలుగు రకాలుగా పలుకుతారు: సమంగా సాగదీసి, పైకి లేపి, కిందికి దించి, గట్టిగా పడేసి. అమ్మ, జనపనార, గుర్రం, తిట్టు. యాభయ్యారు అక్షరాలూ గుణింతాలూ ముందేసుకుని చూశాను, నాలుగింటికీ 'మా' తప్ప ఇంకోటి రాయలేకపోయాను. పొద్దున్నే పెరట్లో నాలుగూ సాధన చేస్తే మా ఆవిడ, ఆవు ఈనిందనుకుని పొరుగువాళ్లు జున్నుపాలు అడుగుతున్నారని కోప్పడింది.

2022 చివర్లో అమ్మాయి తిరిగి వెళ్లింది, నాలుగో మెట్టు దాటింది, ఆసుపత్రిలో రోగులతో వాళ్ల భాషలోనే మాట్లాడుతోంది. ఒకసారి వీడియో కాల్లో దాని చైనా పంతులమ్మ పక్కనే ఉంది. ఐదున్నర తరగతుల నుంచీ గొంతు పరిచయమున్న మనిషి. మర్యాదగా ఒక మాట మాట్లాడాలనిపించింది. "ఒక మాట అడగొచ్చా" అనడానికి వాళ్లు 'ఛింగ్ వెన్' అంటారు. ఆ 'వెన్' నాకు మహా ఇష్టమైన అక్షరం. గుమ్మం, గుమ్మంలో నోరు. గుమ్మంలో నిలబడి నోరు తెరిచేవాడు అడుగుతాడు! నా పాత కథల్లో కొట్టేయబుద్ధి కానిది అదొక్కటే. నిజానికి అందులోనూ గుమ్మం ఉన్నది ధ్వని కోసమే. సరే, బొమ్మ కళ్లకి కట్టినట్టుండగా గొంతు సవరించుకుని, వినయం ధ్వనించాలని 'వెన్'ని కిందికి వంచి, మెల్లగా పైకి లేపి పలికాను.

అది పడేసి పలకాల్సిన వెన్. వంచి పలికితే ముద్దు. ఆడపిల్ల చదువు గురించి అడగబోయి, అరవై దాటిన పండితుణ్ణి, పంతులమ్మని ముద్దు పెట్టమని వినయంగా ప్రార్థించాను.

ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. ఫోను పక్కకి ఒరిగి ఆసుపత్రి కప్పు కనబడింది. దూరం నుంచి మా అమ్మాయి గొంతు, చైనాలో ఏదో గబగబా సర్దిచెబుతోంది. కాసేపటికి పంతులమ్మ మళ్లీ కనబడి, కళ్లు తుడుచుకుంటూ, "హెన్ హావ్, హెన్ హావ్" అంది. చాలా బాగుంది అని. దేన్ని బాగుందందో నేనడగలేదు.

మా ఆవిడ పక్కనే చూస్తోంది. "ఏటండీ, అంతలా నవ్వుతున్నాదా పంతులమ్మ? మీరేటన్నారు?"

"మన పిల్ల ఎలా చదువుతోందని అడిగాను. బ్రహ్మాండంగా చదువుతోందట, ఆ ఆనందం," అన్నాను.

ఆవిడ నమ్మింది. ఇది అచ్చయ్యి ఇంటికొచ్చినరోజు నేను పొద్దున్నే బొబ్బిలి మా తమ్ముడింటికి వెళ్లిపోతాను.